దులిపితే పోయే బూజు కాదు

సంక్రాంతి ఇంకా పది రోజులుందనగా ధరణికోటలో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. తలకు పాత తువ్వాలు చుట్టుకుని, చేతిలో పొడుగాటి బూజు కర్రతో వాకిట్లోనే ఎదురైంది. పండగ ముందు ఇల్లు దులపడం మన ఇళ్లలో ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేని పని. మూలల్లో సాలెగూళ్లు, ఫ్యాను రెక్కల మీద మట్టి, అటక మీద ఏడాదిగా పేరుకున్న దుమ్ము... అన్నీ ఆ కర్రకు చిక్కి కిందికి దిగాల్సిందే.

పడమటి గదిలోకి వెళ్లాక మాత్రం నా అడుగు ఆగిపోయింది. బీరువా పక్కన, నేల నుంచి నడుమెత్తు దాకా గోడంతా నల్లటి మచ్చలు. అక్కడక్కడా పచ్చగా కూడా ఉన్నాయి. దగ్గరికెళితే తడిసిన గోనెసంచి వాసన. పిన్ని కర్ర పక్కన పెట్టి చీపురు అందుకుంది. బరబరా నాలుగుసార్లు గీకింది. సన్నటి పొడి లేచి గదంతా కమ్ముకుంది. మంచం మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటున్న మనవడు దగ్గడం మొదలుపెట్టాడు. మా తమ్ముడి కొడుకు. ఏడేళ్లవాడు. వాడి దగ్గు ఒకసారి మొదలైతే ఓ పట్టాన ఆగదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మా మరదలు వచ్చి వాణ్ని ఎత్తుకుని వీధి అరుగు మీదికి తీసుకుపోయింది.

''ఏంటి పిన్నీ ఈ గోడ?''

''ఏముందిరా, బూజు. ఏటా వస్తది. ఏటా దులుపుతా. మూడేళ్లలో రెండుసార్లు రంగు కూడా వేయించాడు మీ తమ్ముడు.''

ఇబ్బంది ఆ మాటలోనే ఉందనిపించింది నాకు. సాలెగూడుకి పట్టిన మసీ మనకు బూజే, తడిసిన గోడ మీద మొలిచేదీ బూజే. మొదటిది ఉత్త దుమ్ము. రెండోది ప్రాణమున్నది... బళ్లో శిలీంధ్రం అని చదువుకున్నది. ఆవకాయ జాడీలో, వానలో తడిసిన తోలు చెప్పుల మీద, బీరువా అడుగున పట్టుచీర మడతలో కనబడేది కూడా ఆ జాతే. పేరొక్కటే కావడంతో రెండింటికీ ఒకటే వైద్యం చేస్తున్నాం. దుమ్మైతే దులిపితే పోతుంది. ప్రాణమున్నదాన్ని పొడిగా ఉన్నప్పుడు చీపురుతో కొడితే దాని విత్తనాల్లాంటి కణాలు లక్షల్లో గాల్లోకి లేస్తాయి. ఆస్పర్‌జిల్లస్ అనే రకం బూజు కణం మన తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ముక్కులో ఆగదు. నేరుగా ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా వెళ్లగలదు. పిన్ని ఏటా పండక్కి చేస్తున్నది శుభ్రం కాదు, విత్తనాలు చల్లడం. ఆ మాట ఆ రోజు ఆవిడతో అనలేకపోయాను.

పిల్లాడి దగ్గు కథ రెండేళ్ల నాటిది. జలుబు అన్నారు, వాతావరణం అన్నారు, చల్లటివి తింటున్నాడన్నారు. సీసాలకు సీసాలు సిరప్ తాగించారు. క్షయ అనుమానంతో పరీక్షలు చేయిస్తే అదేమీ లేదని తేలింది. ఒక్క సంగతి మాత్రం మా మరదలు గమనించింది. వేసవి సెలవులకు మాచర్లలో అమ్మమ్మ ఇంటికి వెళితే నెల రోజులూ వాడు దగ్గడు. తిరిగొచ్చిన వారానికి రాత్రిళ్లు మళ్లీ మొదలు. 'వాడికి అక్కడి నీళ్లు పడ్డాయి' అని ఇంట్లో తేల్చేశారు. మనకు ఏ ఊళ్లో ఆరోగ్యం బాగున్నా, బాగోకపోయినా నీళ్ల మీదికే పోతుంది. పీల్చే గాలి సంగతి ఎవరికీ తట్టదు.

ఆఖరికి గుంటూరులో ఒక పిల్లల డాక్టరు ఇంటి గురించి అడిగాడట. గోడలకు చెమ్మ ఉందా, పిల్లాడు ఏ గదిలో పడుకుంటాడు అని. మా మరదలు 'లేదండీ, ఇల్లు శుభ్రంగానే ఉంటుంది' అని చెప్పి వచ్చేసింది. ఎందుకలా చెప్పావమ్మా అంటే తల దించుకుంది. బూజు పట్టిందంటే ఇల్లాలు ఇల్లు సరిగా ఉంచుకోవడం లేదని కదా అర్థం! అందుకని దాచింది. డాక్టరు దగ్గర కూడా.

అద్దంలా తుడుచుకునే ఇంట్లోనూ బూజు వస్తుంది. దానికి కావాల్సింది మురికి కాదు, నీళ్లు. తిండి దానికి ఎక్కడైనా దొరుకుతుంది. రంగులోని జిగురు, అట్టపెట్టెలు, చెక్క, బట్ట, కంటికి కనబడనంత పల్చటి దుమ్ము పొర... ఏదైనా చాలు. వెలుతురు అక్కర్లేదు. గోడ తడిగా ఉండి గాలి ఆడకపోతే ఒకటి రెండు రోజుల్లో పని మొదలుపెట్టేస్తుంది. బీరువాను గోడకు ఆనించి పెట్టినచోట ముందుగా కనబడేది అందుకే.

దానివల్ల ఏమవుతుందనే దాని మీద ఆరోగ్య సంస్థలు చాలా కాలంగా పనిచేస్తున్నాయి. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో చెమ్మ ఇళ్ల మీద ఓ పెద్ద నివేదిక తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజుల మీదే విడిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. రెండూ దాదాపు ఒకే మాట చెప్పాయి. చెమ్మ ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ముక్కు దిబ్బడ ఎక్కువ. ఉబ్బసం ఉంటే అది ముదురుతుంది. అంతకుముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి 2007లో లెక్కగడితే, చెమ్మ ఇళ్లలో ఈ ఇబ్బందులు 30 నుంచి 50 శాతం దాకా ఎక్కువని తేలింది. ఇంట్లో నలుగురుంటే నలుగురికీ ఒకేలా ఉండదు. పిన్నికి ఏమీ లేదు. మా తమ్ముడికి పొద్దున లేవగానే పది తుమ్ములు. పిల్లాడికి దగ్గు. ఒకే గాలి పీలుస్తున్నా ఒక్కొక్కరి ఒంటి తీరు ఒక్కోలా ఉంటుంది. 'నాకేం కాలేదుగా' అని పెద్దవాళ్లు తోసిపుచ్చేది కూడా అందుకే.

అలాగని ఒంట్లో ఉన్న ప్రతి బాధనూ గోడ మీదికి నెట్టెయ్యడమూ సరికాదు. 1990లలో అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో కొందరు పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైతే, ఇళ్లలోని ఒక నల్లబూజే కారణమని గగ్గోలు పుట్టింది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థే మళ్లీ పరిశీలించి, ఆ సంబంధం రుజువు కాలేదని 2000లో చెప్పింది. మన దగ్గర 2021లో కోవిడ్ తర్వాత వచ్చిన 'బ్లాక్ ఫంగస్' గుర్తుంది కదా! గోడ మీద నల్లమచ్చ చూడగానే చాలామంది అదే అనుకుని హడలిపోయారు. అది వేరు, ఇది వేరు. మ్యూకోర్‌మైకోసిస్ అనే ఆ జబ్బు అదుపులేని మధుమేహం ఉన్నవాళ్లను, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లను ఎక్కువగా పట్టుకుంది. దాన్ని తెచ్చే శిలీంధ్రాలూ వేరే జాతివి. గోడ బూజు నల్లగా ఉన్నంత మాత్రాన ప్రాణాంతకం కాదు, తెల్లగా ఉన్నంత మాత్రాన మంచిదీ కాదు. రంగు చూసి నిర్ణయించడానికి లేదు.

మన దేశంలో భయపడాల్సింది వేరే ఉంది. ఉబ్బసం ఉన్న కొందరిలో ఆస్పర్‌జిల్లస్ బూజు శ్వాసనాళాల్లోనే తిష్ఠవేస్తుంది. ఒళ్లు దాని మీద అలర్జీతో తిరగబడుతుంది. ఎక్స్‌రేలో మచ్చలు కనబడతాయి, దగ్గితే కఫం, ఒక్కోసారి రక్తపు జీర. మన దగ్గర అలాంటి ఎక్స్‌రే చూడగానే ఎవరికైనా తట్టేది క్షయే. అలా అసలు జబ్బు బయటపడేలోపు నెలల తరబడి క్షయ మందులు మింగినవాళ్లున్నారని మన ఛాతీ వైద్యులు ఎన్నోసార్లు రాశారు. క్షయ మందులు వాడుతున్నా గుణం కనబడకపోతే, కఫంలో క్రిమి దొరకకపోతే, బూజు అలర్జీ సంగతి కూడా చూడమని డాక్టర్ని అడగడంలో తప్పులేదు. అంతేగానీ మందులు మీ అంతట మీరు మానెయ్యొద్దు.

ఇంకోటి. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బుల మీద మన దేశంలోని 27 ఆసుపత్రులు కలిసి 2012 నుంచి 2015 దాకా 1,084 మంది రోగుల వివరాలు సేకరించాయి. 2017లో ఫలితాలు బయటికొచ్చాయి. అందులో దాదాపు సగం మందిది ఒకే రకం జబ్బు. గాల్లోని బూజు, పక్షుల రెట్టలు, గడ్డి ధూళి వంటివాటిని ఏళ్ల తరబడి పీల్చడం వల్ల వచ్చేది. ఆ సగం మందిలో మళ్లీ దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలికి అలవాటుపడ్డవాళ్లు! కూలరే కారణమని దీంతో తేలిపోయినట్టు కాదు. కానీ కూలరు సంగతి ఆలోచించండి. తడిసిన గడ్డి, నిలవ నీళ్లు, వాటి మీదుగా ఊది మన మొహం మీదికి పంపే ఫ్యాను. బూజుకి ఇంతకన్నా సుఖమైన ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? రెంటచింతల ఎండలు ఎలాంటివో పల్నాడు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ కూలరు లేకుండా వేసవి గడవదు. కానీ నిరుటి గడ్డితోనే ఈ ఏడు కూడా నడిపేసే ఇళ్లు ఎన్నో!

రంగు వేయించడం సంగతికొస్తాను. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్లో అవాబ్ ఇషాక్ అని రెండేళ్ల పిల్లాడుండేవాడు. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం. ఒక గృహనిర్మాణ సంస్థ ఫ్లాటులో అద్దెకుండేవాళ్లు. ఇంట్లో బూజు పడుతోందని తండ్రి 2017లోనే ఫిర్యాదు చేస్తే, రంగు వేసుకోమని చెప్పారు. వేసుకున్నాడు. మళ్లీ వచ్చింది. 2020 డిసెంబరులో ఆ పిల్లాడు ఊపిరాడక చనిపోయాడు. ఇంట్లో బూజును చాలాకాలం పీల్చడమే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. దేశమంతా గొడవైంది. ఆ పిల్లాడి పేరుతోనే చట్టం తెచ్చారు. 2025 అక్టోబరు నుంచి అక్కడ ప్రభుత్వ, సేవాసంస్థల అద్దె ఇళ్లలో ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉన్నాయని చెబితే పది పనిదినాల్లో వచ్చి చూడాలి. ప్రాణాపాయం అనిపిస్తే 24 గంటల్లో బాగుచెయ్యాలి. అదంతా చలిదేశం, తలుపులు మూసుకునే ఇళ్లు, మనకేంటి అనుకోవచ్చు. కానీ 'రంగు వేసుకో' అన్న సలహా మాత్రం అచ్చంగా మనదే. అద్దె ఇంట్లో గోడ చెమ్మగిల్లిందని ఓనరుకి చెప్పి చూడండి. 'వేసవి రాగానే ఆరిపోద్దిలెండి' అంటాడు, లేదా ఓ డబ్బా రంగు పంపిస్తాడు.

ఇక పిన్ని ఇంటి గోడకు నీళ్లెక్కడివి? ఆ సాయంత్రం తమ్ముడూ నేనూ ఇంటి చుట్టూ తిరిగి చూశాం. కారణం వెతకడానికి పెద్ద ఇంజినీరేం అక్కర్లేకపోయింది. ఇల్లు కట్టినప్పుడు వీధి కన్నా రెండు మెట్లు ఎత్తులో ఉండేది. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరిగింది, ఇల్లు పల్లమైంది. వానొస్తే నీళ్లు పడమటి గోడ వారనే నిలబడతాయి. కింద నల్లరేగడి. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాంతోపాటు పునాదీ కదిలి గోడకు సన్నటి బీటలు పడతాయి. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు గోడ ఆ తడిని పైకి లాగుతుంది. పునాది మీద మేస్త్రీలు డీపీసీ అని ఓ పొర వేస్తారే, అది సరిగా లేకపోతే ఈ ఎక్కడానికి అడ్డే లేదు. ఇవి చాలవన్నట్టు గోడకు అవతల స్నానాలగది. అందులో గోడలో పూడ్చిన పైపు జాయింటు దగ్గర కారుతోంది. నీళ్ల మోటారు కట్టేశాక కూడా అక్కడ పలక తడిగానే ఉంది.

ఇంత నీళ్లు లోపలికొస్తుంటే తమ్ముడు చేసిందేమిటి? పుట్టీ పెట్టి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించాడు. అంటే గోడకు రెయిన్‌కోటు తొడిగాడు. లోపలి తడి బయటికి పోలేక పొర వెనక కూర్చుంది. ఆర్నెల్లకు పెచ్చులూడింది. పాత ఇళ్లకు ఏటా సున్నం కొట్టేవాళ్లు. ఆ సున్నంలో ఉన్న సుగుణం వేరు. దాని క్షారానికి బూజు అంత తేలిగ్గా నిలవదు, గోడ తడినీ బిగబట్టదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు పక్కనే పెట్టుకుని పల్నాడులో ఇప్పుడు సున్నం కొట్టిన గోడ కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. సున్నమంటే పేదింటి గుర్తు అయిపోయింది మరి! ఒక జాగ్రత్త... ఎమల్షన్ మీద సున్నం నిలవదు, అది గీకేసి వెయ్యాలి. అసలు నీళ్ల దారి మూయకుండా సున్నం వేసినా, చందనం పూసినా ఒకటే.

గోడ మీద తెల్లగా పొడి రాలుతుంటే అది బూజో, ఉప్పో ముందు చూసుకోండి. చిటికెడు తీసి నీళ్లలో వెయ్యండి. కరిగిపోతే ఉప్పు. గోడలోంచి తడి మోసుకొచ్చింది. దానితో దగ్గు రాదు, కానీ తడి ఉందని అది ముందే చెప్పిన సాక్షి.

బూజే అయితే, పైపూ బయటి నీళ్లూ సంగతి చూశాక, మచ్చలు సుమారు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుకు మించకపోతే ఇంట్లోవాళ్లే శుభ్రం చేసుకోవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లు, పిల్లలు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండొద్దు. ముక్కుకి మంచి మాస్కు, చేతులకు తొడుగులు. కిటికీలు తెరవాలి. పొడిగా గీకకూడదు. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తడిగా తుడిచి, గుడ్డ పారేసి, గోడను ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. బ్లీచింగు వాడితే దానితో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ మాత్రం కలపొద్దు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. చుట్టుకుపోయిన అట్టపెట్టెలు, బూజెక్కిన దిండ్లు, దూది పరుపు బాగుపడవు. వాటి మీద మమకారం వదులుకోవాల్సిందే.

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ వైపు బుడమేరు నీళ్లు ఇళ్లలో రోజుల తరబడి నిలిచిపోయినప్పుడు ఈ సంగతి చాలామందికి అనుభవంలోకి వచ్చింది. నీళ్లు పోయాయి, టీవీ కెమెరాలు పోయాయి. తడిసిన పరుపులు, సోఫాలు, చెక్క బీరువాలు మాత్రం గదుల్లోనే మిగిలాయి. 2005లో కత్రినా తుఫాను తర్వాత న్యూఆర్లీన్స్‌లో ఇళ్లు తనిఖీ చేస్తే దాదాపు సగం ఇళ్లలో బూజు కళ్లకు కనబడిందట. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే దాని మీద ఆశ వదులుకోమంటారు అక్కడ. కొనుక్కోవడానికి పదేళ్లు పట్టిన పరుపును రెండు రోజుల్లో పారెయ్యమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. అది నాకూ తెలుసు.

గోడ సంగతి ఇదైతే గాదె సంగతి ఇంకొకటి. ధరణికోట అంటే ఒకప్పటి ధాన్యకటకం. పేరులోనే ధాన్యం ఉన్న ఊరు. వేరుశనగ, మొక్కజొన్న, మిరపకాయల మీద పట్టే ఒక పచ్చటి బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది. అది కాలేయానికి చేటు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి ఆ విషాన్ని గుర్తించారు. ఆ తిండే తిన్న కుక్కలు కూడా చనిపోయాయి. వేయిస్తే, ఉడకబెడితే ఆ విషం పూర్తిగా పోదు. అయినా మన వంటిళ్లలో బూజు పట్టిన పల్లీలను ఏరి పచ్చడికి పక్కన పెట్టడం మామూలే. పల్లీ ముడుచుకుని, రంగు మారి, చేదుగా ఉంటే ఉమ్మెయ్యండి, మొహమాటపడకండి.

మహాశివరాత్రికి అమరేశ్వరుడి దర్శనానికని మళ్లీ వెళ్లాను. అమరావతిలో తిరునాళ్ల జనం. ధరణికోట దాకా మైకుల హోరు వినబడుతోంది. పడమటి గది ఖాళీగా ఉంది. పైపు మార్చారు. బయట గోడ వారన మట్టి తీసి, నీళ్లు పోయేలా చిన్న కాలువ తవ్వారు. పుట్టీ అంతా గీకేసి ఇటుక కనబడేలా వదిలేశారు. ఎండలు ముదిరేదాకా దాన్నలాగే ఉంచమన్నాడట మేస్త్రీ. పిల్లాడు హాల్లో పడుకుంటున్నాడు. మా మరదలు ఈసారి డాక్టరుకు గోడ ఫొటో తీసి మరీ చూపించింది. ఇన్‌హేలరు రాశాడు. 'అలవాటైపోతుందేమో' అని పిన్ని గోల. ఉబ్బసానికి మందు ఊపిరితిత్తుల్లోకే నేరుగా, తక్కువ మోతాదులో వెళ్లే దారి అదేనని ఎంత చెప్పినా సగమే నమ్మింది. దగ్గు పూర్తిగా పోలేదు. వారంలో రెండు మూడు రాత్రిళ్లు వస్తోంది. ఇదివరకు రోజూ వచ్చేది.

తమ్ముడు అటక మీంచి కూలరు దింపాడు. పక్క రేకు ఊడదీస్తే లోపలి గడ్డి నల్లగా అట్టకట్టి ఉంది. పిన్ని చూసింది. ఏమీ అనకుండా మనవడి రెక్క పట్టుకుని బజారు వైపు తీసుకుపోయింది, కొత్త గడ్డి తెస్తానని.